ముందటి పన్ను

కోరుట్ల,
14 జూన్ 2024

తమ్ముడు ఆనందంకు రాధక్క రాసేది.

మొన్నటి సంది ముసురు పట్టింది. పొద్దుగాల ఆకు కత్తిరించుకొని మాపటిదాక బీడీలు చేస్తున్న గని అవి ఎండుతలెవ్వు. మంచం కింద కుంపటి పెట్టి ఆరబెడుతున్న. బీడీలు తీసుకునే టేకేదారు ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసి సగం పక్కకు జరుపుతున్నడు. వానకు నేనేం చేస్త.

మరదలు స్వర్ణలత ఫోన్ చేసింది. నీ ముందటి పన్ను మీద చిగురుకు మల్ల పొక్కు లేసిందట, చీము కారుతుందట. ఆమె చెప్పింది విని నీకు రాస్తున్న. సాంచెల మీద బట్ట నేసి నేసి, ఆ చప్పుడుకు నీ చెవులు పోయిన కాడికెల్లి మన ముచ్చట కాయితం మీదనే అయింది.

పోయిన వారం నా దవడ పన్ను పీకించుకుందామని జగిత్యాల పోయిన. అక్కడి పండ్ల డాక్టరమ్మకు నీ సంగతి చెప్పిన. సాంచెల పోగు పట్టుకొని అటుఇటు ఉరికే నాడె ఎగిరొచ్చి మూతికి తగిలింది, పన్ను నల్లవడ్డది, నరం తీసి టోపీ పెట్టిండ్రు, అయినా చీము ఆగుతలేదన్న. ఆమె అన్నది, వేరు కొసకు చీము గూడు కట్టి ఉంటది, కిందికెల్లి ఎంత కడిగినా అది పోదు అని. చిగురు కోసి, ఎముకకు చిన్న కిటికి తీసి, వేరు కొసను కోసి పారేసి, అక్కడ సిమెంటు అసోంటిది పెట్టి కుట్లేస్తరట. మానితే పన్ను ఉంటది. అందరికి మానదని కూడ అన్నది. దాపెట్టలే.

నువ్వు పీకించుకుంట అంటున్నవట. ఒక్కపారి ఆమెకు చూపెట్టినంక పీకించుకో.

అక్క, రాధమ్మ


సిరిసిల్ల,
23 జూన్ 2024

అక్కా, నీ ఉత్తరం చేరింది.

ఇక్కడ వాన లేదు, ఉక్కపోత. కార్ఖానల రేకుల కింద బట్టలు ఒంటికి అతుక్కుంటున్నయి. నూలు పోగులు మాటిమాటికి తెగుతున్నయి. నాలుగు సాంచెల నడుమ తిరుగుడే తిరుగుడు.

పీకించుకుంట అన్నది కోపానికి అన్న. వెనక దవడ పండ్లు ఎప్పుడో పోయినయి, నీకు ఎరుకే. ఇప్పుడు నేను తినేది ముందటి పండ్లతోనే. కుందేలు తిన్నట్టు తింటున్నవని నరేశ్ నవ్వుతడు. నరేశ్ అంటే నా పక్క సాంచెలు నడిపే పిలగాడు. ఈ ఒక్క పన్ను పోతే దాని అటుది ఇటుది కూడ కదులుతయని సిరిసిల్ల డాక్టర్ కాయితం మీద రాసి చూపెట్టిండు. ఇవి పోతే ఇగ నమలకుంట మింగే గట్కనే.

కోసుడంటే భయమైతుంది. అయినా వస్త. నువ్వు జగిత్యాలకు రా. డాక్టర్లు మూతికి మాస్కు కట్టుకుంటరు. మామూలు మనుషులైతే మూతి కదులుడు చూసి సగం తెలుసుకుంట. మాస్కు ఉంటే గోడతోని మాట్లాడినట్టే ఉంటది. ఆమె ఏం చెప్పేది నువ్వు విని నాకు రాయాలె.

ఉంట.
ఆనందం


కోరుట్ల,
10 జులై 2024

ఆనందం,

నిన్ను సిరిసిల్ల బస్సు ఎక్కిచ్చినంక నేను ఆటోల కూసున్న. చెంప అంత ఉబ్బి, మఫ్లరు కట్టుకొని, కిటికి కాడ నువ్వు వేరే ఎవలో లెక్క కనవడ్డవు.

నేను బల్ల పక్కనే నిలవడి అంతా చూసిన. చూడకుంటే మంచిగుండు. డాక్టరమ్మ చిగురును కోసి కవరు విప్పినట్టు విప్పింది. లోపల ఎముక తెల్లగ లేదు, నానిన ఆకు తీరుగ ఉన్నది. వేరు కొస చిటికెన వేలు గోరంత కూడ లేదు. గంత దానికి ఇన్నేండ్ల గోస.

ఆమె చెప్పినవి మర్చిపోక రాస్తున్న. గోలీలు మూడు పూటల వేసుకో. వేడివి తాగొద్దు. గట్టిగ ఉమియొద్దు. స్ట్రా పెట్టుకొని ఏం తాగొద్దు, నోట్ల గుంజుడు ఉంటే కుట్ల కింద గడ్డ కట్టిన నెత్తురు లేసొస్తదట. పెదవి లేపి అద్దంల చూసుకోవద్దు. బీడీ అసలుకే ముట్టొద్దు. ఇది రెండుపార్లు అన్నది, నా వేళ్లకున్న తంబాకు మరక చూసుకుంట.

ఇంటి పట్టున ఉండమన్నది. ఎన్ని దినాలని నేను అడుగుతుంటె, వీలైనన్ని అన్నది. ముత్యంకు చెప్పుకో. సాంచెల ఆసామే గద, పుండు మీద పని చెయ్యమంటడా.

రాధమ్మ


సిరిసిల్ల,
21 జులై 2024

అక్కకు,

వాపు దిగింది. కుట్లు ఇక్కడనే తీపిచ్చుకున్న. స్వర్ణలత జావ కాచి సల్లార్చి పోస్తుంది, పసిపిల్లకు పోసినట్టు.

నువ్వు రాసినవన్ని పాటిస్తున్న. స్ట్రా ముచ్చట స్వర్ణలతకు చదివి వినిపిస్తే నవ్వింది. నాకు స్ట్రా ఎవలిస్తరే అక్కా, నేనేమన్న కొత్త పెండ్లికొడుకునా కూల్‌డ్రింకు చేతికిచ్చి ఫొటో తీయటానికి. బీడీ మానేసిన. నోరు ఊకెనే ఉంటే చేతులకు ఏం చెయ్యాల్నో తోస్తలేదు.

కార్ఖానకు పోతున్న. కోపం చేయకు. ముత్యం రమ్మనలే, ఇంట్లనే ఉండు అన్నడు. కాని బళ్లె పిల్లల బట్టల ఆర్డరు నడుస్తుంది, నా నాలుగు సాంచెలు నరేశ్ ఒక్కడు తన నాలుగుతోని నడుపలేడు. కండెకున్న నూలు అయిపోవుడు, నాడెకు కొత్తది ఎక్కిచ్చుడు, పోగు తెగుడు, అతుకుడు. చేతులకు పని గని నోటికి ఏం పని. నోరు మూసుకొనే నడుపుతున్న.

ఆనందం


కోరుట్ల,
1 ఆగస్టు 2024

ఆనందంకు,

మా వాడకట్టు మొగిలయ్య వచ్చిపోయిండు. చీరెల మూటకని సిరిసిల్ల వచ్చిండట, నిన్ను కార్ఖాన బయట చూసిండట. నీ చెంప మల్ల ఉబ్బిందన్నడు. నీ చేతిల బీడీ ఉన్నదని కూడ అన్నడు. నేను నమ్మలే. ఆయన అవ్వ మీద ఒట్టేసిండు.

నేను పొద్దంత చేసేది అదే బీడీ. నా దగ్గెట్ల ఉన్నదో నీకు ఎరుకే. డాక్టరమ్మ ముందట నేను నీ తరఫున మాటిచ్చిన, మా తమ్ముడు ముట్టడు అని. ఆమె నన్ను మల్ల ఏం మొఖంతోని చూస్తది. నీ పన్ను, నీ ఇష్టం. తినేది నువ్వు, నొచ్చేది నీకు. నేను ఇంత దూరం కూసుండి రాసుడు తప్ప ఏం చెయ్యగలుగుత.

రాధమ్మ


సిరిసిల్ల,
6 ఆగస్టు 2024

అక్కకు,

ఆ బీడీ నరేశ్‌ది. లుంగి సర్దుకుంట పట్టుకొమ్మన్నడు, పట్టుకున్న. మొగిలయ్య అటుకెల్లి పోయిండు. గంతే.

చెంప ఉబ్బిన మాట నిజం. పొక్కు మల్ల లేసింది, కోసిన కాడనే. ఎందుకు లేసిందో నాకు తెల్వది. నువ్వు రాసిన కాయితం సాంచె పక్కన మేకుకు తగిలిచ్చుకున్న. అండ్ల ఒక్కటి కూడ తప్పలే. తాగినవని నువ్వు అనుకుంటె అనుకో. చెవులు వినవడనోనికి ఇజ్జత్ కూడ ఉండదనుకుంటరు.

వచ్చే మంగళవారం జగిత్యాల పోతున్న. నీకు పని ఉంటే రావద్దు.

ఆనందం


సిరిసిల్ల,
14 ఆగస్టు 2024

అక్కా,

నువ్వు రాలేదు. రావద్దని నేనే రాసిన గనుక అడుగుతలేను.

డాక్టరమ్మ పన్నుకు ఎక్స్‌రే ఫొటో తీసింది. నా చెవుల సంగతి యాదికొచ్చి చీటి మీద రాసింది, బీడీ తాగుతున్నవా అని. లేదు అన్న. స్ట్రా? లేదు. పుక్కిలించినవా? లేదు. నీ పని ఏంది అని రాసింది. సాంచెలు అన్న. ఏం చేస్తవో చూపెట్టు అన్నట్టు చెయ్యి ఊపింది.

ఆమె బల్ల మీద పెన్ను టోపీ ఉంటే తీసుకున్న. నాడె అనుకోమన్న. ఇండ్ల కండె పెడత, నూలు పోగు కొస ఈ సన్న రంధ్రంల నుంచి బయటికి రావాలె, చేతితోని రాదు, గిట్ల నోటి కాడ పెట్టుకొని గుంజుత అని చూపెట్టిన. గుంజిన. టోపీ పెదవులకు అతుక్కున్నది.

ఆమె మాస్కు తీసింది. అప్పుడు మూతి కనవడ్డది. దినాం ఎన్నిసార్లు అన్నది. నువ్వు ఊపిరి ఎన్నిసార్లు తీస్తవంటె ఏం చెప్తం. కండె అయిపోయినప్పుడల్ల గుంజుత. నాలుగు సాంచెలు. గుంజుతున్న అన్న సంగతే నాకు ఎన్నడు తెల్వది. నా లెక్కల అది చేతి పని.

ఆమె కోపం చేయలే. కోపం చేస్తే మంచిగుండు. ఇంకొక్కపారి తెరుస్త, నెత్తురు గడ్డ నిలిస్తేనే ఎముక పడుతది, దీపావళి దాటేదాక నాడె నోట్ల పెట్టొద్దు, పెడితే ఇగ దీనితోని పక్కయి రెండు కలిపి తీసేసుడే అని రాసింది. చీటి చొక్క జేబుల ఉంది. స్వర్ణలతకు ఇంకా చూపెట్టలే.

ఆనందం


కోరుట్ల,
20 ఆగస్టు 2024

తమ్మీ,

మంగళవారం పోతున్న అన్న నీ ఉత్తరం నాకు బుధవారం చేరింది. నాకు ఫోన్ చేయొద్దని స్వర్ణలతకు చెప్పినవట. నేను గురువారం ఊకెనే జగిత్యాల పోయి వచ్చిన, నువ్వు మల్ల వస్తవేమో అని. ఆ దినం జెండా పండుగ, దవఖాన తాళం. మెట్ల మీద కూసుండి వచ్చిన.

నీ తర్వాతి ఉత్తరం చదివిన. నాయిన మగ్గం గుంట అంచుకు కూసుండి నాడె నోటి కాడ పెట్టుకునుడు నా కండ్ల ముందటనే ఉన్నది. నేను కండెలు చుట్టి ఇస్తుంటి. డాక్టరమ్మ స్ట్రా అన్నప్పుడు అది తట్టలే. ఆమెకు నాడె తెల్వది, మనకు అది గుంజుడని తెల్వది.

మొగిలయ్యను తిట్టిన.

కోరుట్లకు రా. నా ఇంట్ల ఉండు. మీ బావ మంచం ఖాళీగనే ఉంది. సిరిసిల్లల ఉంటే నీ కాలు కార్ఖానకే గుంజుతది. వచ్చేదాక సన్న తీగతోని కొక్కెం చేసుకొని పోగు గుంజి చూడు.

రాధమ్మ


సిరిసిల్ల,
1 సెప్టెంబర్ 2024

అక్కకు,

కొక్కెం చేసిన. పోగు వస్తది, రాదని కాదు. కాని ఒక నాడెకు కొక్కెం పెట్టేలోపు మిగతా మూడు సాంచెలు ఆగి నిలవడుతున్నయి. నాలుగు ఆగితే కార్ఖానల ఆ మూల చప్పుడు తగ్గుతదట, ముత్యం ఇంట్లకెల్లి బయటికొచ్చి చూస్తున్నడు. నేను చూస్తలేనని అనుకొని నరేశ్ రెండు నాడెలు నా బదులు గుంజి పెట్టిండు. వాని నోటితోని గుంజినవి.

ముత్యంకు డాక్టరమ్మ చీటి చూపెట్టిన. చదివి, పోయి రా అన్నడు. మూతి స్పష్టంగ కదిలింది, తప్పు చదువలే. నీ సాంచెలు ఎటు పోవు, నరేశ్ చూసుకుంటడు అన్నడు. నరేశ్ పెండ్లాం నిండు నెలలతోని ఉంది, ఆ కూలి వానికి కూడ ఆసర అయితదట.

తొమ్మిది తారీకు సోమవారం పొద్దుగాల బయలుదేరుత. జగిత్యాల బస్టాండ్ల ఉండు. ఈసారి దినం తప్పకు.

ఆనందం


కోరుట్ల,
4 అక్టోబర్ 2024

ఆనందంకు,

బీడీ కంపెనీకి పోయి వచ్చేటాళ్లకు నువ్వు లేవు. దుప్పటి మడిచి ఉంది. గోలీల డబ్బ గోడ దిగుట్లె మర్చిపోయినవు.

సిరిసిల్లకెల్లి ఫోన్ వచ్చిన మాట నిజం. ముత్యంకు బట్టల గడువు ముందటికి జరిగిందట, నువ్వు వెంటనే రాకుంటే వేరేటోళ్లను పెట్టుకుంటనన్నడట. స్వర్ణలత ఏడ్చుకుంట చెప్పింది. నేను నీకు చెప్పలే. రెండోపారి కోసిన నీ చిగురు అప్పుడే గులాబి రంగు వడ్తుంది. డాక్టరమ్మ చూసి మొదటిసారి తల ఊపింది. నేను చెప్తే నువ్వు ఆ పూటనే పోతవు. అందుకని మింగిన.

బాలమ్మకు చెప్పుకున్న. పక్కింటామె గద, కడుపుల ఆగలే. ఆమె వాకిట్ల నిలవడి, పాపం తమ్ముని సాంచెలు పోయినయట గదా అని నాతోని అన్నది. నువ్వు మూతి చూసి చదువుతవని ఆమెకు ఎరుక లేదు. నువ్వు అన్నం ముందట కూసుండి ఆమెనే చూస్తున్నవు. నేను అప్పుడన్న చెప్పేది ఉండె.

నాడె నోట్ల పెట్టకు. దీపావళిదాక ఆగు. ఇంతకన్న రాయటానికి నాకు ఏం లేదు.

రాధమ్మ


సిరిసిల్ల,
19 అక్టోబర్ 2024

అక్కకు,

కోపం లేదు. ఉండె, పోయింది.

చెప్పి ఉంటే పోతుంటినో ఉంటుంటినో నాకే తెల్వది. కాని ఆ పోవుడు ఉండుడు నాది అయి ఉండేది. అందరు నా చెవులకు వినవడదని నా ముందట మాట్లాడుతరు, నువ్వు మాత్రం నాకు రాస్తవు అనుకుంటి.

నేను వచ్చేటాళ్లకు సాంచెల మీద నరేశ్ బావమర్ది నిలవడి ఉన్నడు. ముత్యం నన్ను చూసి కిందికి చూసిండు. ఆయన తప్పు కూడ ఏం లేదు, బట్ట ఇయ్యకుంటే ఆయనకు నూలు ఇచ్చేటోడు ఊకుంటడా. నరేశ్ చాయ్ తాపిండు. బిడ్డ పుట్టిందట.

నాలుగు కార్ఖానలు తిరిగిన. కొత్త సాంచెలు నాడె లేకుంట నడుస్తయి, వాటికి పిలగాండ్లు కావాల్నట. పాతయి నడిపేటోళ్లు తగ్గించుకుంటున్నరు. ఇంట్లనే ఉంటున్న. స్వర్ణలత కండెలు చుడుతుంటె నేను పొయ్యి చూస్తున్న. పన్ను నొస్తలేదు. గట్టిగ అయినట్టు ఉంది. నోటికి ఇప్పుడు నిజంగనే ఏం పని లేదు.

బొంబాయి కాడ భీవండిల పాత సాంచెలు ఇంకా ఉన్నయని ఇక్కడోళ్లు అంటున్నరు. నేను ఇంకా ఏం అనుకోలే.

ఎక్స్‌రే తీపిచ్చి స్వర్ణలత తమ్ముని చేతికిచ్చి పంపుత. డాక్టరమ్మకు చూపెట్టు.

ఆనందం


కోరుట్ల,
10 డిసెంబర్ 2024

తమ్మీ ఆనందం,

చలి బాగ ఉంది. పొద్దుగాల వేళ్లు వంగుతలెవ్వు, ఎండ వచ్చేదాక ఆకు పట్టుకుంటలేను. ఫొటో అందినంక వెంటనే పోవాల్నని ఉండె, దగ్గుతోని పడుకున్న. నిన్న పోయిన.

డాక్టరమ్మ పాతది కొత్తది రెండు వెలుగుకు పెట్టి పక్కపక్కన చూపెట్టింది. పాతదాంట్ల వేరు కొస కాడ నల్లగ గుండ్రంగ ఉండె. ఇప్పుడు ఆ నలుపు అంచులకెల్లి మూసుకపోతుంది, కొత్త ఎముక పడుతుందట. పక్క పండ్లు రెండు కూడ నిలిచినయన్నది. ఇట్ల రెండోసారి తెరిచిన వాటిల మానేవి తక్కువ, మీ తమ్ముడు చెప్పినట్టు విన్నడు అన్నది. సాంచెలు పోయినయని ఆమెకు చెప్పలే.

కాని ఇంకా పూర్తిగ నిండలే. మల్ల ఎండకాలం వచ్చేదాక నోటితోని గుంజుడు వద్దంటే వద్దన్నది. ఇప్పుడు లేస్తే ఇగ తన చేతిల లేదన్నది.

అందుకే భీవండి ముచ్చట పక్కకు పెట్టు. మా టేకేదారు వాళ్ల అన్నకు రైసుమిల్లు ఉంది, రాత్రిపూట కాపలకు మనిషి కావాలె. చెవులు వినవడయని చెప్పిన. కండ్లు మంచిగున్నయా అని అడిగిండు. మంచిగున్నయని చెప్పిన. మాట్లాడి పెట్టిన. స్వర్ణలతను కూడ తోల్కరా, బీడీలు నేను నేర్పుత. మంచం బయటికి తీసి ఎండల వేసిన.

వస్తున్నవో లేదో రాయి. ఈసారి నేను నీకు ఏం దాపెట్టలే.

అక్క


సిరిసిల్ల,
14 డిసెంబర్ 2024

వదినెకు స్వర్ణలత రాసేది.

ఫోన్ల చెప్దామంటే నోరు రాలే, అందుకే రాస్తున్న. నీ ఉత్తరం నిన్న చేరింది. ఆయన చదువలే.

భీవండిల పాత సాంచెలు ఆరు ఇస్తమన్నరట. నేను ఆపిన, ఆగలే. పోయేదినం పొద్దుగాల కూడ పన్ను అద్దంల చూసుకున్నడు, నాకు కూడ చూపెట్టిండు. బస్సు కోరుట్ల మీదికెల్లే పోతది, దిగి అక్కకు చెప్పిపో అని చేతిల రాసిన. దిగితే అక్క పోనియ్యది అన్నడు.

సోమవారం మాపటికి జగిత్యాలల భీవండి బస్సు ఎక్కిండు.